నాన్న తాగితే మందు, నేను తాగితే మత్తుమందా?

పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిల్లు ఉన్న ఒక అక్క రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. ముఖ్యమైన విషయాలు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడకు 33 ఏళ్లు, స్కూల్ టీచరు. భర్త, పాపతో విజయవాడలో ఉంటారు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, 61 ఏళ్లు. తమ్ముడికి 25. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో మూడేళ్లు నైట్ షిఫ్ట్ ఉద్యోగం చేశాడు. కంపెనీ జనాన్ని తీసేసినప్పుడు వాడి ఉద్యోగమూ పోయింది. ఇంటికొచ్చి ఎనిమిది నెలలు. వచ్చిన రెండో నెలలో మేడ మీద గది ఊడుస్తుంటే అమ్మకు గంజాయి పొట్లం దొరికింది.

అడిగితే వాడు దాచలేదట. బీటెక్ రెండో ఏడాదిలో మొదలైంది, నైట్ షిఫ్ట్ రోజుల్లో అలవాటైంది, ఇప్పుడు రోజుకు మూడు నాలుగు సిగరెట్లు. శనివారాలు ఫ్రెండ్స్‌తో బీరు, దాని మీద గంజాయి, ఆ తర్వాత అర్ధరాత్రి బైకు మీద ఇంటికి. ఒకప్పుడు ఆదివారం క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు బ్యాటు అటక మీద ఉంది. ఒకసారి మానేస్తానని నాలుగు రోజులు ఆపాడు. అన్నం తినలేదు, నిద్రపోలేదు, నాలుగో రోజు కంచం విసిరికొట్టాడు. అమ్మ హడలిపోయింది. ఎందుకంటే ఆమె తమ్ముడికి ఇరవై ఏళ్లప్పుడు మతి చెడింది, ఇప్పటికీ మందులు వాడుతున్నాడు.

అక్క గట్టిగా నిలదీస్తే తమ్ముడు అన్న మాట ఇది: "నాన్న ముప్పై ఏళ్లుగా రోజూ తాగుతున్నాడు. ఆయన తాగితే మందు, నేను తాగితే మత్తుమందా? అమెరికాలో లీగల్ అక్కా ఇది. మందుకంటే సేఫ్ అని రీసెర్చే చెబుతోంది."

"వాడి మాటకు నా దగ్గర జవాబు లేదు" అని రాశారావిడ. నాన్న రోజూ క్వార్టర్ తాగుతారు, ఒకప్పుడు అందులో సగమే. ఫ్యాటీ లివర్ ఉంది, మానేయమని డాక్టరు రెండుసార్లు చెప్పారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ సమస్యలా కనిపించదు.

ఇప్పుడు ఇంట్లో నాలుగు ఆలోచనలు నడుస్తున్నాయి. అమ్మ ఫోన్‌లో ప్రకటన చూసి మందు మాన్పించే పొడి తెప్పించి, తమ్ముడికీ నాన్నకీ తెలియకుండా కూరలో కలుపుతోంది. పెళ్లి చేస్తే బాధ్యత తెలుస్తుందని పెద్దనాన్న సంబంధాలు చూస్తున్నారు. ఫోన్ చేస్తే వ్యాన్‌లో మనుషులొచ్చి కుర్రాణ్ని ఎత్తుకెళ్లి ఆరు నెలలు ఉంచుకునే సెంటర్ ఒకటుందని తెలిసినవాళ్లు చెప్పారు. ఇక అమ్మ కోరిక, వచ్చే కార్తీకంలో తండ్రీకొడుకులిద్దరి చేతా అయ్యప్ప మాల వేయించాలని. "రెండేళ్ల క్రితం నాన్న వేశారు గానీ నాలుగో రోజే తీసేయాల్సి వచ్చింది. చేతులు వణికి, చెమటలు పట్టి, గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతూ, ఎప్పుడో పోయిన మేనత్తతో మాట్లాడారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. బాబాయి మాల తీయించి ఒక పెగ్గు పోస్తే తెల్లారేసరికి మామూలయ్యారు. నియమం ఎక్కడో తప్పిందన్నారు. ఈసారి నిష్ఠగా చేస్తారని అమ్మ నమ్మకం."

ఈ ఆవిడేమో నెలనెలా తమ్ముడి బైకు ఈఎంఐకి ఆరు వేలు ఫోన్‌పే చేస్తున్నారు, భర్తకు తెలియకుండా. చివరికి అడిగింది: "తమ్ముణ్ని ఎలా మాన్పించాలి? సెంటరా, పెళ్లా, మాలా?"

జవాబు:

అమ్మా, మీ ఉత్తరమంతా తమ్ముడి గురించే. రెండోసారి చదివాక నా కంగారు మాత్రం నాన్నగారి మీదకు మళ్లింది. కార్తీకం దగ్గరపడుతోంది కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

ఉత్తరం చదివి రోగం తేల్చేయకూడదని నాకు తెలుసు. అయినా మీరు రాసిన లక్షణాలు, అవి వచ్చిన రోజుల లెక్క చూస్తే అది గాలీ కాదు, నియమభంగమూ కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి మద్యం ఉన్నట్టుండి ఆగిపోతే వచ్చే స్థితి. తాగడం ఆపిన మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఇంకొందరికి మనసు అదుపు తప్పి, లేనివి కనిపిస్తాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. బాబాయి పోసిన పెగ్గుతో తగ్గింది కూడా అందుకే. ఆగిపోయిన మద్యం మళ్లీ అందింది, అంతే. ఆయన బతకడం అదృష్టం.

నాన్నగారు మెకానిక్ కదా, ఆయనకు ఇలా చెబితే వెంటనే అర్థమవుతుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉన్న బస్సును ముప్పై ఏళ్లు నడిపామనుకోండి. బండి కదలాలంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి పట్టడం డ్రైవరుకు అలవాటైపోతుంది. మద్యం మెదడుకు అలాంటి బ్రేకు. మెదడు దానికి తగ్గట్టు తన వేగం పెంచుకుని బతుకుతుంది. ఒక ఉదయం ఉన్నట్టుండి బ్రేకు తీసేస్తే కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది, బండి ఎటు పోతుందో తెలియదు. ఆ కాలు మెల్లగా తీయించడానికే ఆసుపత్రిలో కొన్ని రోజుల పాటు మాత్రలు ఇచ్చి తగ్గించుకుంటూ వస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు రాత్రికి రాత్రి మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి లక్షణాలతోనే జనం బారులు తీరారు.

ఒకసారి ఇలా వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ కార్తీకంలో నాన్నగారు ముందు డాక్టరు దగ్గరకు వెళ్లకుండా మాల వేయకూడదు. అసలు మాలే వద్దని నేను అనడం లేదు. దాని గురించి చివర్లో చెబుతాను, నాకు దాని మీద గౌరవం ఉంది. మద్యం ఆపే పని మాత్రం డాక్టరు కళ్ల ముందు జరగాలి. ఈలోగా మీ అమ్మగారు కోపంతో సీసా పారబోసినా అదే ప్రమాదం, ఆ సంగతి ఆమెకు చెప్పండి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. వాడు తెలివైనవాడు. మన భాషే వాడికి దొరికిన ఆయుధం. మనం మద్యాన్ని 'మందు' అని పిలుచుకుంటూ గంజాయిని 'మత్తుమందు' అంటాం. చట్టమూ అలాగే విడగొట్టింది. మనస్తత్వ శాస్త్రం అలా విడగొట్టదు. ప్రపంచమంతా మానసిక వైద్యులు వాడే అమెరికా కొలమానం ఒకటుంది. 2013లో వచ్చిన దాని ఐదో కూర్పులో మద్యానికీ గంజాయికీ దాదాపు అవే పదకొండు లక్షణాలు ఉన్నాయి. అనుకున్నదానికంటే ఎక్కువ వాడటం, తగ్గించాలనుకుని తగ్గించలేకపోవడం, తహతహ, మోతాదు పెరిగితే గానీ పనిచేయకపోవడం, ఆపితే శరీరం ఎదురు తిరగడం, ఇష్టమైన పనులు వదిలేయడం, ప్రమాదమని తెలిసిన చోట కూడా వాడటం, ఆరోగ్యం పాడవుతోందని తెలిసీ ఆపకపోవడం వంటివి. ఏడాది కాలంలో రెండు మూడు కనిపిస్తే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు, ఆపైన ఉంటే తీవ్రం. పోలీసు కేసు అయిందా అనే ప్రశ్న పాత కూర్పులో ఉండేది, దాన్ని తీసేశారు. చట్టబద్ధమా కాదా అన్నది జబ్బు లక్షణం కాదని దాని అర్థం.

ఆ కొలబద్ద మీ ఇంటికి పెట్టి చూద్దాం. నాన్నగారిది: సగం క్వార్టర్ క్వార్టరైంది, ఆపితే శరీరం ఎదురు తిరిగింది, లివర్ పాడైందన్నా ఆపలేదు. మీరు రాసినవాటిలోనే మూడు, రాయనివి ఎన్నో. తమ్ముడిది: మానాలని ప్రయత్నించి విఫలమయ్యాడు, ఆపితే నిద్రాహారాలు పోయాయి, క్రికెట్ వదిలేశాడు, మత్తులో బైకు నడుపుతున్నాడు. నాలుగు. ఉద్యోగం పోవడాన్ని నేను ఈ లెక్కలో వేయలేదు, అది కంపెనీ చేసిన పని. ఇంట్లో వాళ్లు దాన్ని కూడా గంజాయి ఖాతాలోనే వేస్తుంటే ముందు ఆ అన్యాయం ఆపండి.

అంటే మీ ఇంట్లో సమస్య ఇద్దరిదీ. తమ్ముడు నాన్న వైపు చూపించిన వేలు సరైనదే. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, మామూలు విస్కీలో అది దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. ఒక్క విడతలో 60 గ్రాములు తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కింద లెక్కవేస్తుంది. మీ నాన్నగారు ఆ గీత మీద రోజూ నిలబడుతున్నారు.

అయితే నాన్న తప్పు చూపించి వాడు తన తప్పు నుంచి బయటపడలేడు. వాడు చదివిన రీసెర్చ్ సగం నిజం. ఒకసారైనా వాడి చూసినవారిలో ఎంతమంది బానిసలయ్యారని 1994లో వచ్చిన ఒక ప్రసిద్ధ అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. పొగాకుకు 32 శాతం, మద్యానికి 15, గంజాయికి 9. గంజాయి లెక్క తక్కువే. కానీ ఆ 9 మందిలో తాను ఉన్నాడా లేడా అన్నది వాడి ప్రశ్న కావాలి. రోజుకు నాలుగు సిగరెట్లు కాల్చి, ఆపితే కంచం విసిరేవాడు మిగిలిన 91 మందిలో ఉన్నానని చెప్పుకోవడం కష్టం. ఇక లీగల్ మాటంటారా, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో నిజమే. మన దగ్గర మద్యం కూడా లీగలే. అనుమతి ఉన్న సరుకు ఏం చేయగలదో వాడు రోజూ సాయంత్రం హాల్లోనే చూస్తున్నాడు.

వాడికి చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది, అది వాడు చదివి ఉండడు. మీ మేనమామ సంగతి. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,570 మంది కుర్రాళ్లను పదిహేనేళ్లు గమనించి 1987లో ఒక నివేదిక వచ్చింది. పద్దెనిమిదేళ్లకే యాభైసార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు అసలు వాడనివారికంటే ఆరు రెట్లు కనిపించింది. ఇందులో ఎంత గంజాయి వల్ల, ఎంత ముందునుంచే ఉన్న బలహీనత వల్ల అన్న వాదన ఇప్పటికీ సాగుతోంది. వాడిన ప్రతివాడికీ మతి చెడదు, చాలామందికి ఏమీ కాదు. కానీ దగ్గరి రక్తంలో అలాంటి జబ్బు ఉన్నవారు రోజూ గంజాయి కాల్చడం మాత్రం మంచి జూదం కాదు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఎవరో వెంటపడుతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని తమ్ముడు అంటే ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

శనివారాల సంగతి కూడా చూద్దాం. మద్యం మీద గంజాయి కాలిస్తే రక్తంలో గంజాయి మత్తు పదార్థం ఇంకా పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. రెండు మత్తులూ ఒకదాని పక్కన ఒకటి నిలబడవు, ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఈ నెలలో తమ్ముడు మీ మాట ఒక్కటే వింటాడనుకుంటే, శనివారం రాత్రి బైకు తాళం ఇంట్లో పెట్టి వెళ్లమనండి. గంజాయి మానడం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

కంచం విసరడం గురించి కూడా అమ్మగారికి ధైర్యం చెప్పాలి. రోజూ గంజాయి కాల్చేవాళ్లు ఆపితే చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పడితే భయంకరమైన కలలు, ఇవన్నీ వస్తాయి. మొదటి వారం గడ్డు వారం. రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి, నిద్ర కుదుటపడటానికి ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు. మద్యంలా ఇది సాధారణంగా ప్రాణం మీదకు తేదు. తమ్ముడు నాలుగో రోజు ఓడిపోయాడంటే సరిగ్గా గడ్డు చోట ఓడిపోయాడు. అది మేనమామ జబ్బు కాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఇంకో నాలుగు రోజులు ఓర్చుకునేవాడేమో.

ఇప్పుడు మీ ఇంట్లో నడుస్తున్న ఆలోచనలు.

పెళ్లి వద్దు. దీని మీద ఎక్కువ రాయను. ఎవరి కూతురూ మీ తమ్ముడికి మాత్ర కాదు. పెద్దనాన్నగారికి నొప్పి కలగకుండా చెప్పాలంటే, ఉద్యోగం దొరికాక చూద్దామనండి, అది అబద్ధం కూడా కాదు.

వ్యాన్ సెంటర్. ఇంటినిండా టెన్షన్ ఉన్నప్పుడు ఆ ఫోన్ నంబరు ఎంత ఊరటగా కనిపిస్తుందో నేను ఊహించగలను. కానీ అర్ధరాత్రి ఎత్తుకెళ్లినవాడు ఆరు నెలల తర్వాత తిరిగొచ్చేది అదే మేడ మీద గదికి, అదే ఖాళీ సమయానికి. మీ మీద నమ్మకం మాత్రం తిరిగి రాదు. పైగా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు అలవాట్ల వల్ల వచ్చే మానసిక స్థితులూ అందులోకే వస్తాయి. ఇష్టం లేనివారిని చేర్చుకోవాలంటే వైద్యుల పరీక్ష, కొన్ని షరతులు, కాలపరిమితి ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఉందా, మానసిక వైద్యుడు ఉన్నారా, వారానికోసారి మేం వచ్చి చూడొచ్చా అని మూడు ప్రశ్నలు అడగండి. మూడోదానికి కాదంటే ఫోన్ పెట్టేయండి. అన్ని సెంటర్లూ అలాంటివి కావు, మంచివీ ఉన్నాయి. వాటికి వ్యాన్ అవసరం ఉండదు.

పొడి. ఇది నన్ను భయపెట్టింది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండే అవకాశం ఉంది. అది మంచి మందే, మద్యం మానాలనుకున్నవారికి తెలిసే ఇస్తారు. ఒంట్లో అది ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తాగితే ఇలా అవుతుందన్న భయమే అందులో సగం మందు. తెలియకుండా పెడితే ఆ భయం ఉండదు, ప్రమాదం మాత్రం మొత్తం ఉంటుంది. లివర్ బాగాలేని 61 ఏళ్ల మనిషికి అయితే చెప్పనక్కరలేదు, ఆ మందు లివర్‌నే దెబ్బతీయగలదు. తమ్ముడి గంజాయి మీద అది పనిచేయదు కూడా. గంజాయి మాన్పించే మందంటూ ఆమోదం పొందింది ఇప్పటికి ఏదీ లేదు. మద్యం కోరిక తగ్గించేవి మాత్రం ఉన్నాయి, వాటిని డాక్టరు లివర్ పరీక్షలు చూసి ఎంచుకుంటారు.

మరి తమ్ముడితో ఏం చేయాలి? మీరు టీచరు కాబట్టి ఒక సంగతి సూటిగా చెబుతాను. మందలింపు ఇక్కడ తిరగబడుతుంది. విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త బృందం 1993లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. తాగుడు సమస్య ఉన్నవారితో కౌన్సెలర్ ఎంత గట్టిగా వాదిస్తే ఏడాది తర్వాత వారు అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. వాదించినప్పుడు అవతలి మనిషి తన అలవాటు తరఫున వకీలవుతాడు. మీ తమ్ముడు అమెరికాను, నాన్నను తెచ్చి వాదించింది అలాంటి వేళే. మిల్లర్ పద్ధతిలో ఆ వకాల్తా వాడి చేతే రెండు వైపులా చేయిస్తారు. అందుకు ముందు ఆ అలవాటు వాడికి ఏం ఇస్తోందో అడగాలి.

జనం ఎందుకు తాగుతారన్నదానికి పరిశోధకులు నాలుగు కారణాలు చెబుతారు: సరదా పెంచుకోవడానికి, నలుగురిలో కలవడానికి, నలుగురూ వెలివేయకుండా ఉండటానికి, బాధ మరిచిపోవడానికి. సమస్యలతో గట్టిగా ముడిపడింది చివరిదే, మద్యం విషయంలోనూ గంజాయి విషయంలోనూ. మీ ఉత్తరంలో నాకు కనిపించిన ఆధారం ఒక్కటే: అలవాటు ముదిరింది నైట్ షిఫ్ట్‌లో. పగటిపూట నిద్ర పట్టని కుర్రాడు దానితో నిద్రపోవడం నేర్చుకున్నాడేమో. ఇప్పుడు షిఫ్ట్ లేదు, ఉద్యోగమూ లేదు, నిద్ర ఇంకా లేదు. నేను తప్పయి ఉండొచ్చు. వాడినే అడగండి, కానీ ఉదయం పూట, మత్తు లేనప్పుడు, అమ్మ వినని చోట, వీలైతే ఇద్దరూ ఏదో పని చేస్తూ. "నిద్ర సరిగ్గా పట్టడం లేదా రా? అది కాలిస్తే ఎలా ఉంటుంది నీకు?" వాడు చెప్పింది వినండి. "మరి దాంతో నీకు నచ్చనిది ఏమైనా ఉందా?" అని రెండో ప్రశ్న వేయండి. జవాబు రావడానికి వారం పట్టినా పట్టొచ్చు. వచ్చినప్పుడు 'చూశావా, నేను చెప్పలేదూ' అన్నారంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంట్లోవాళ్లు ఏమీ చేయలేరన్న మాట నిజం కాదు. తాగే మనిషి వైద్యానికి ఒప్పుకోని 130 మంది కుటుంబసభ్యులతో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు, 1999లో వచ్చింది. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతి నేర్పిస్తే 30 శాతం మంది వైద్యానికి వచ్చారు. ఇంట్లోవాళ్లు తమ మనశ్శాంతి చూసుకునే బృందాలకు వెళితే 13 శాతం. మూడో పద్ధతిలో 64 శాతం. ఆ మూడోదానిలో నేర్పేది మాయ కాదు. మత్తులో లేని గంటల్లో ఆ మనిషితో బాగుండటం, మత్తులో ఉన్నప్పుడు తిట్టకుండా పక్కకు తప్పుకోవడం, దాని వల్ల వచ్చే చిక్కులు అతనే మోయనివ్వడం, అతను తనంతట విసిగిన రోజు వైద్యం మాట ఎత్తడం.

ఇక్కడే మీ ఆరు వేల ప్రశ్న వస్తుంది. మీరు ఈఎంఐ కడితే వాడి చేతిలో మిగిలే డబ్బు ఎటు పోతుందో మీకు తెలుసు. కట్టకపోతే బైకు పోవచ్చు, వాడు అలగొచ్చు, అమ్మ మిమ్మల్నే అనొచ్చు. కడుతూ పోతే భర్త దగ్గర దాచడం అనే ఇంకో ముడి పడుతుంది, ఇప్పటికే పడింది. మధ్యదారి కూడా ఉంది: రెండు నెలల తర్వాత ఆపేస్తానని ముందే చెప్పడం, ఆ ఆరు వేలు డాక్టరు ఫీజుకో, ఏదైనా కోర్సుకో అయితే నేరుగా కడతాననడం. ఏది చేసినా మీ ఆయనకు మాత్రం ముందు చెప్పండి.

తమ్ముడు కౌన్సెలింగ్‌కు ఒప్పుకుంటే ఎంతవరకు ఆశపడొచ్చు? మన దేశంలోనే గోవాలో జరిగిన ఒక ప్రయోగం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. హానికరంగా తాగే 377 మంది మగవారిలో కొందరికి నాలుగు విడతల లోపు కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇచ్చినవారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలలకు ఆ గుంపులో 36 శాతం మంది తాగుడు ప్రమాదకర స్థాయి కిందకు దిగింది, మామూలు సలహాతో సరిపెట్టినవారిలో 26 శాతం. పెద్ద తేడా ఏమీ కాదు కదా అనిపించొచ్చు. పది మందిలో అదనంగా ఒకరు, నాలుగు మాటల ఖర్చుతో. నాకది చిన్న విషయం కాదు. ఒకే విడతలో మారకపోతే నిరుత్సాహపడొద్దని చెప్పడానికి కూడా ఈ లెక్క ఇచ్చాను. నాన్నగారిది ఈ స్థాయి దాటింది, ఆయనకు ముందు ఆసుపత్రి కావాలి.

ఆసుపత్రికి వెళితే పోలీసులకు చెబుతారేమోనన్న భయం మీ ఉత్తరంలో ఉంది. మానసిక వైద్యం తీసుకునేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. గంజాయి వాడటం మన దేశంలో నేరమే, ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కానీ దాన్ని నేరమన్న 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) లోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం లేదా చిన్న పరిమాణం కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యం పూర్తిచేసుకుంటే విచారణ నుంచి మినహాయింపు దొరకొచ్చు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. తమ్ముడికి ఈ సంగతి మీరే చెప్పండి. ఆసుపత్రి పేరెత్తితే వాడు బిగుసుకుపోయేది దీనివల్లే కావచ్చు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 14446 మత్తు అలవాట్ల హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రెండోదానిలో తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక మాల. పరిశోధకులు పుస్తకాలకొద్దీ రాసే చాలా విషయాలు అయ్యప్ప దీక్షలో ముందే కుదిరి ఉన్నాయని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నల్లబట్టలు చూడగానే ఎవరూ పెగ్గు ఇవ్వరు, వద్దని చెప్పే కష్టం తప్పుతుంది. పేరు మారి 'స్వామి' అవుతారు. తెల్లవారుజామున స్నానం, పూజ, భజన, తోటి స్వాములు, సాయంత్రం ఖాళీ లేకుండా పని. 41 రోజుల గడువు కళ్ల ముందుంటుంది. అందుకే ఎంతోమంది ఆ 41 రోజులు నిజంగానే మానేస్తారు. నలభై రెండో రోజు సంగతే ఎవరూ ఆలోచించరు. మాల తీసిన రాత్రే మొదలుపెట్టేవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఒక్క పెగ్గు పడగానే 'అయిపోయింది, నా వల్ల కాదు' అనుకుని పూర్తిగా జారిపోవడం గురించి అలన్ మార్లాట్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి రాశారు. జారడం వేరు, పడిపోవడం వేరు అని ముందే చెప్పి ఉంచితే కొందరు ఒక్క పెగ్గు దగ్గరే ఆగుతారని ఆయన మాట.

కాబట్టి నాన్నగారి ముందు దారులు ఇవి. కార్తీకానికి ముందే ఆసుపత్రిలో చేరి మద్యం దింపుకుని, ఆ తర్వాత గురుస్వామితో మాత్రల సంగతి చెప్పి మాల వేయడం. లేదా ఈ ఏడాది వదిలేసి వచ్చే ఏడాదికి తయారవడం. మొదటిదానిలో ఊపు ఉంటుంది, కానీ తొందర కూడా ఉంటుంది. రెండోదానిలో అమ్మగారి మనసు నొచ్చుకుంటుంది, ఏడాదిలో లివర్ ఇంకా పాడవ్వచ్చు. ఆయన దేనికీ ఒప్పుకోకపోతే కనీసం మీరు ఇంట్లో అందరికీ ఒక్క మాట చెప్పి ఉంచండి: ఆపిన తర్వాత ఫిట్స్ గానీ, లేనివి కనిపించడం గానీ మొదలైతే తాయెత్తు కాదు, పెగ్గు కాదు, 108.

తమ్ముడికి మాల అవసరమా అన్నది వాడే చెప్పాలి. ఇద్దరికీ కలిపి వేయిస్తే నాన్న మళ్లీ నాలుగో రోజు తీసేసినప్పుడు వాడికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. నాన్న ముందుగా ఆసుపత్రికి వెళ్లడం వాడి కళ్లముందు జరిగితే మాత్రం వాడి వాదనలో సగం బలం పోతుంది. మీరు వాడికి ఇవ్వలేకపోయిన జవాబు ఆయన ఇవ్వగలరు.

ఇవన్నీ ఆలోచించడానికి మీకు సమయం ఉంది. ఒక్కదానికి లేదు. ఈ రోజే అమ్మగారికి ఫోన్ చేసి ఆ పొడి కలపడం ఆపమనండి. డబ్బా మాత్రం పారేయొద్దు. నాన్నగారిని డాక్టరుకు చూపించేటప్పుడు అదీ పట్టుకెళ్లండి, ఎన్నాళ్లుగా ఎంత కలిపారో ఒక కాగితం మీద రాసి.